జేబులో కార్డు ఉంటే సరిపోదు.. జాబితాలో పేరు ఉందా?

2018 డిసెంబర్ 7. తెలంగాణ అసెంబ్లీ ఎన్నికల పోలింగ్ రోజు. హైదరాబాద్‌లో చాలామంది ఓటరు కార్డు చేతిలో పట్టుకుని బూత్‌కి వెళ్లారు. క్యూలో నిలబడ్డారు. తీరా లోపలికి వెళ్లాక ‘మీ పేరు లిస్టులో లేదు’ అన్న మాట విని వెనక్కి తిరిగొచ్చారు. అలా తిరిగొచ్చిన వాళ్లలో బ్యాడ్మింటన్ క్రీడాకారిణి గుత్తా జ్వాల కూడా ఉన్నారు. తన పేరు జాబితాలోంచి మాయమైందని ఆమె సోషల్ మీడియాలో రాయడంతో విషయం దేశమంతా తెలిసింది. పేర్లు గల్లంతైన ఓటర్లకు అప్పటి రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారి రజత్ కుమార్ క్షమాపణ చెప్పారు. క్షమాపణ చెప్పినా ఆ రోజు ఓటు మాత్రం తిరిగి రాలేదు.

ఓటరు గుర్తింపు గురించి మన ఇళ్లల్లో ఉన్న పెద్ద అపోహ ఇక్కడే ఉంది. కార్డు ఉంటే ఓటు ఉన్నట్టే అనుకుంటారు. కాదు. షాపులో ఖాతా పుస్తకం ఉంటుంది, చేతికి రసీదు ఇస్తారు. రసీదు పోతే ఖాతా చూసి లెక్క తేల్చుకోవచ్చు. కానీ ఖాతాలోంచే పేరు కొట్టేస్తే, చేతిలో పాత రసీదు ఎంత భద్రంగా ఉన్నా పని జరగదు. ఓటరు జాబితా ఆ ఖాతా పుస్తకం, కార్డు రసీదు. జాబితాలో పేరు లేని వ్యక్తి ఓటు వేయడానికి వీల్లేదని 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం సెక్షన్ 62 చెబుతుంది. అందుకే ఓటు పోయేది చాలాసార్లు పోలింగ్ రోజు కాదు. అంతకు కొన్ని నెలల ముందే, ఇంట్లో ఎవరికీ తెలియకుండానే పోతుంది.

బూత్ దగ్గర రూల్ అంత కఠినం కాదు

ఫొటో ఉన్న ఓటరు గుర్తింపు కార్డు టీఎన్ శేషన్ ఎన్నికల కమిషనర్‌గా ఉన్నప్పుడు 1993లో మొదలైంది. అది లేకపోయినా ఓటు వేయొచ్చు. ఆధార్, పాన్, డ్రైవింగ్ లైసెన్స్, పాస్‌పోర్ట్, ఉపాధి హామీ జాబ్ కార్డు, ఫొటో అతికించిన బ్యాంకు లేదా పోస్టాఫీసు పాస్‌బుక్, ఫొటో ఉన్న పెన్షన్ పత్రం, వికలాంగుల యూడీఐడీ కార్డు, ప్రభుత్వ ఉద్యోగుల ఐడీ కార్డు.. ఇలా 12 రకాల పత్రాలను ఎన్నికల సంఘం ఒప్పుకుంటోంది. రేషన్ కార్డు ఈ లిస్టులో లేదు. ఇంటికి తెచ్చి ఇచ్చే ఓటరు స్లిప్ కూడా 2019 నుంచి గుర్తింపు పత్రంగా చెల్లదు. స్లిప్ బూత్ నంబర్, సీరియల్ నంబర్ చూసుకోవడానికే. స్లిప్ ఒక్కటే చేతిలో పెట్టుకుని వెళ్లి గొడవపడే వాళ్లు ప్రతి ఎన్నికలోనూ కనిపిస్తారు. పెద్దవాళ్లను పంపేటప్పుడు ఇంట్లో పిల్లలు ఇది చూసుకోవాలి.

కార్డులో పేరు ఒకలా, జాబితాలో ఇంకోలా ఉంటే? మనిషి ఎవరో తేలుతున్నప్పుడు ఒకటి రెండు అక్షరాల తేడా పట్టించుకోవద్దని ఎన్నికల సంఘం సిబ్బందికి చెబుతోంది. ఫొటో వేరే మనిషిదైతే మాత్రం 12 పత్రాల్లో ఇంకోటి చూపాలి. వేరే నియోజకవర్గంలో ఇచ్చిన పాత కార్డైనా ఫర్వాలేదు, ఇప్పుడు వెళ్లిన బూత్ జాబితాలో పేరుంటే చాలు.

ఇక బురఖా సంగతి. బురఖాతో వచ్చిందని ఏ మహిళనూ వెనక్కి పంపే రూల్ లేదు. అలాగని ముఖం చూపకుండా ఓటు వేయొచ్చనీ కాదు. ఓటరు జాబితాలో ఫొటో వద్దన్న వాదనను మద్రాస్ హైకోర్టు 2006లోనే తోసిపుచ్చింది. అయితే చూసేది ఎవరు, ఎక్కడ చూస్తారు అన్నది ముఖ్యం. పర్దా పాటించే మహిళలు ఎక్కువగా ఉన్న బూత్‌లలో మహిళా సిబ్బందిని పెట్టాలి, చాటుగా, మర్యాదగా పోల్చుకోవాలి అని ప్రిసైడింగ్ అధికారులకు ఇచ్చే సూచనల్లోనే ఉంది. ఆ పని పోలింగ్ సిబ్బందిది. అభ్యర్థిది కాదు, పార్టీ ఏజెంట్‌ది అసలే కాదు. 2024 మే 13న హైదరాబాద్ లోక్‌సభ పోలింగ్‌లో బీజేపీ అభ్యర్థి మాధవీలత బురఖా మహిళల ముఖాలు చూపించమని అడుగుతూ కార్డులు తనిఖీ చేసిన వీడియో బయటికొచ్చింది. గుర్తింపు చూసే హక్కు అభ్యర్థిగా తనకుందని ఆమె వాదించారు. మలక్‌పేట పోలీసులు కేసు పెట్టారు. ఏజెంట్‌కి నిజంగా అనుమానం ఉంటే చట్టంలో దారి వేరే ఉంది. 2 రూపాయలు డిపాజిట్ కట్టి ప్రిసైడింగ్ అధికారి దగ్గర అభ్యంతరం చెప్పాలి. విచారించి తేల్చేది ఆ అధికారి. ఓటరు మీద చేయి వేసే హక్కు గానీ, క్యూలో ఆపే హక్కు గానీ ఏజెంట్‌కి లేదు.

‘మీ ఓటు ఎవరో వేసేశారు’ అన్నా వెనక్కి రావద్దు. ఎవరో తేల్చుకున్నాక టెండర్డ్ ఓటు ఇవ్వాలి. అది మిషన్ మీద కాదు, కాగితం బ్యాలెట్ మీద వేసే ఓటు. 1961 ఎన్నికల నియమాల్లో ఈ అవకాశం రాసి ఉంది. అడగాలంతే.

పేరు ఎలా పోతుంది?

చనిపోతే, ఇల్లు మారితే, రెండు చోట్ల పేరుంటే జాబితాలోంచి తీసేస్తారు. ఇది తప్పు కాదు, జరగాల్సిందే. చనిపోయిన వాళ్ల పేర్లు పదేళ్లు అలాగే ఉంచితే దొంగ ఓట్లకు దారి ఇచ్చినట్టే. చిక్కు ఎక్కడొస్తుందంటే, ఇంటికి వచ్చి చూడకుండా కంప్యూటర్ చెప్పిందని తీసేసినప్పుడు.

2015 మార్చి 3న ఎన్నికల సంఘం ఓటరు కార్డులను ఆధార్‌తో కలిపే కార్యక్రమం మొదలుపెట్టింది. అదే ఏడాది ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఆధార్ వాడకంపై పరిమితులు పెట్టడంతో ఆపేసింది. కానీ అప్పటికే తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో పని చాలా దూరం వెళ్లింది. ఇంటింటి తనిఖీ సరిగా జరగలేదని, డేటా పోల్చి పేర్లు కొట్టేశారని 2018 తర్వాత ఆరోపణలు వచ్చాయి, విషయం హైకోర్టుదాకా వెళ్లింది.

ఇంకో దారి ఫారం 7. ఒక ఓటరు పేరు తీసేయమని అదే నియోజకవర్గంలోని ఇంకో ఓటరు పెట్టే దరఖాస్తు ఇది. 2019 ఎన్నికలకు ముందు ఆంధ్రప్రదేశ్‌లో ఇవి లక్షల్లో వచ్చి పడ్డాయి. చాలా వాటిలో దరఖాస్తుదారుగా ఎవరి పేరుందో వాళ్లకే ఆ సంగతి తెలియదు. పోలీసు కేసులు నమోదయ్యాయి. అబద్ధపు డిక్లరేషన్ ఇస్తే ఏడాది వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ పడతాయి.

ఇక్కడ ఓటరుకు చట్టం ఇచ్చిన రక్షణ గట్టిదే. ఊరొదిలి వెళ్లిపోయారనో, ఓటుకు అర్హత లేదనో పేరు తీసేసే ముందు చెప్పుకునే అవకాశం ఇవ్వాలని 1950 ప్రజాప్రాతినిధ్య చట్టం సెక్షన్ 22 అంటుంది. 1995లో లాల్ బాబు హుసేన్ కేసులో సుప్రీంకోర్టు ఇంకా స్పష్టంగా చెప్పింది. ఢిల్లీ, ముంబైలలో పౌరులు కాదన్న అనుమానంతో ఓటర్లకు మూకుమ్మడిగా నోటీసులిచ్చిన వ్యవహారం అది. జాబితాలో ఇప్పటికే పేరుందంటే, అప్పట్లో అధికారులు చూసే చేర్చారని అనుకోవాలి, పోలీసు రిపోర్టు ఒక్కటి చూసి తీసేయకూడదు, ఆ మనిషి చూపే ఏ ఆధారాన్నైనా పరిశీలించాలి అన్నది ఆ తీర్పు సారం. నోటీసు వస్తే భయపడి మూలన పడేసే వాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి. నోటీసుకు జవాబివ్వకపోతేనే పేరు తీసేయడం వాళ్లకు తేలికవుతుంది.

బీహార్‌లో ఏం జరిగింది?

2025 జూన్ 24న ఎన్నికల సంఘం బీహార్‌లో ప్రత్యేక విస్తృత సవరణకు ఆదేశించింది. దీన్నే అందరూ ‘సర్’ అంటున్నారు. మామూలు సవరణలో ఉన్న జాబితాకి కొత్త పేర్లు చేరుస్తారు, పోయినవి తీసేస్తారు. ఇందులో అలా కాదు. ప్రతి ఓటరూ ఫారం నింపి ఇవ్వాలి. ఇవ్వకపోతే ముసాయిదా జాబితాలోనే పేరు రాదు. 2003 జాబితాలో పేరున్న వాళ్లకు అదే ఆధారం. లేని వాళ్లు 11 పత్రాల్లో ఏదో ఒకటి చూపాలి. 1987 జులై 1కి ముందు పుట్టిన వాళ్లు తమది చూపితే చాలు. ఆ తర్వాత 2004 డిసెంబర్ 2 వరకు పుట్టిన వాళ్లు తల్లిదండ్రుల్లో ఒకరిది కూడా చూపాలి. ఆ తర్వాత పుట్టిన వాళ్లు ఇద్దరివీ చూపాలి.

ఆ 11లో జనం దగ్గర మామూలుగా ఉండే మూడూ లేవు. ఆధార్ లేదు, రేషన్ కార్డు లేదు, ఎన్నికల సంఘం తానే ఇచ్చిన ఓటరు కార్డు కూడా లేదు! జనన ధ్రువీకరణ పత్రం, పాస్‌పోర్ట్, పదో తరగతి సర్టిఫికెట్, కుల ధ్రువీకరణ పత్రం, ప్రభుత్వం ఇచ్చిన స్థలం లేదా ఇంటి పట్టా లాంటివి ఉన్నాయి. నికాహ్‌నామా ఇందులో లేదు. బడికి వెళ్లని, ఇంట్లోనే పుట్టిన, పెళ్లై వేరే ఊరు వచ్చిన ఒక యాభై ఏళ్ల ఆడమనిషి దగ్గర వీటిలో ఏముంటుందో ఎవరి ఇంట్లో వాళ్లు ఆలోచించుకోవచ్చు.

సవరణకు ముందు బీహార్‌లో 7.89 కోట్ల ఓటర్లు. ఆగస్టు 1 ముసాయిదాలో 7.24 కోట్లు. అంటే దాదాపు 65 లక్షల పేర్లు లేవు. ఆ పేర్లన్నీ, ఎందుకు తీశారో కారణంతో సహా బయటపెట్టాలని సుప్రీంకోర్టు ఆగస్టు 14న ఆదేశించింది. సెప్టెంబర్ 8న ఆధార్‌ను 12వ పత్రంగా తీసుకోమంది. అయితే అది గుర్తింపుకే, పౌరసత్వానికి రుజువు కాదని కూడా అంది. సెప్టెంబర్ 30న వచ్చిన తుది జాబితాలో 7.42 కోట్ల మంది ఉన్నారు. ముసాయిదా నుంచి తుది జాబితాకు సంఖ్య పెరిగిందంటే, మొదట పేరు లేకపోయినా మళ్లీ అడిగి దరఖాస్తు పెట్టిన వాళ్లు అందులో ఉన్నారన్నమాట.

2025 అక్టోబర్ 27న ప్రకటించిన రెండో విడతలో 12 రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాలు ఉన్నాయి. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ఆ లిస్టులో లేవు. పుదుచ్చేరి ఉంది, అంటే తెలుగు మాట్లాడే యానాం కూడా వచ్చినట్టే. తమిళనాడూ ఉంది. బెంగాల్‌లో తండ్రి పేరులో తేడా ఉందనో, తల్లిదండ్రులతో వయసు తేడా సరిగా లేదనో ఓటర్లకు నోటీసులు వెళ్లాయి. తెలుగు రాష్ట్రాల విషయానికొస్తే ఇలాంటి సవరణ చివరగా జరిగింది ఉమ్మడి రాష్ట్రంలో, 2002లో. కాబట్టి ఆ ఏడాది జాబితాలో అబ్బా పేరో, దాదా పేరో ఏ ఊళ్లో, ఏ బూత్‌లో ఉందో వెతికి ఒక కాగితం మీద రాసి పెట్టుకోవడం మంచిది. ఇది భయంతో చేసే పని కాదు. ఇంటి పట్టా ఎక్కడుందో చూసుకోవడం లాంటిదే. బీసీ-ఈ సర్టిఫికెట్ ఉన్న వాళ్లు అది పిల్లల చదువుకే అనుకుని ఎక్కడో పడేయొద్దు.

మన పేర్లతోనే సగం చిక్కు

తెలుగు ముస్లిం ఇళ్లల్లో ఒకే మనిషికి మూడు కాగితాల మీద మూడు పేర్లుండటం కొత్త కాదు. గుంటూరులో షేక్ మస్తాన్‌వలీ అనే మనిషి ఉన్నాడనుకోండి. ఓటరు జాబితాలో ‘షేక్ మస్తాన్‌వలీ’. ఆధార్‌లో ‘మస్తాన్‌వలీ షేక్’. పాస్‌పోర్ట్‌లో షేక్ ఇంటిపేరు గడిలోకి వెళ్లిపోయింది. పదో తరగతి సర్టిఫికెట్‌లో ‘ఎస్.కె. మస్తాన్’. ఇంగ్లిష్‌లో షేక్‌ని ఐ అక్షరంతో ఒకరు రాస్తారు, రెండు ఈలతో ఇంకొకరు రాస్తారు. ముహమ్మద్ సంగతి చెప్పక్కర్లేదు. మొహమ్మద్, మహమ్మద్, ఎం.డి., ఎండీకి మధ్యలో ఓహెచ్ పెట్టింది.. రాసే గుమాస్తా ఎలా విన్నాడో అలా.

ఆడవాళ్ల పేర్లు ఇంకా కష్టం. పుట్టింట్లో మహబూబ్ బీ. అత్తగారింట్లో మహబూబా బేగం. కొడుకు ఆధార్ చేయించినప్పుడు మహబూబ్ బేగం. ముగ్గురూ ఒక్కరే అని వీధి మొత్తానికి తెలుసు, కంప్యూటర్‌కి తెలియదు. పైగా జాబితాలో పెళ్లికాక ముందు తండ్రి పేరు, తర్వాత భర్త పేరు ఉంటుంది.

దీనికి తిరగబడిన చిక్కు కూడా ఉంది. ఒకే బజార్‌లో ఒకే వయసు షేక్ మస్తాన్‌వలీలు నలుగురుంటారు. తండ్రి పేర్లు కూడా కలిసే అవకాశం ఎక్కువ. పేరు, వయసు, బంధువు పేరు దగ్గరగా ఉన్న ఎంట్రీలను ఎన్నికల సాఫ్ట్‌వేర్ వేరు చేసి చూపిస్తుంది, ఒకరికే రెండు ఓట్లున్నాయేమో చూడమని. ఫీల్డ్‌లో చూసి తేల్చాకే తీయాలి. చూడకుండా తేలిస్తే నలుగురిలో ఒకరి ఓటు పోతుంది. అందుకే జాబితాలో వెతికేటప్పుడు పేరుతో కాకుండా కార్డు మీదున్న 10 అక్షరాలు, అంకెల ఎపిక్ నంబర్‌తో వెతకాలి. పేరు ఎన్ని రకాలుగా రాసినా నంబర్ ఒక్కటే.

సరిదిద్దుకోవడానికి ఫారం 8. పేరు, వయసు, ఫొటో తప్పులకూ అదే, ఇల్లు మారినా అదే, కార్డు పోతే కొత్తది కావాలన్నా అదే. ఏ స్పెల్లింగ్‌ని ఖాయం చేసుకోవాలి? ఎక్కువ కాగితాల్లో ఏది ఉందో, పదో తరగతిలో లేదా పాస్‌పోర్ట్‌లో ఏది ఉందో దానికి మిగతావి మార్చుకోవడం తేలిక. అన్నీ ఒకేసారి మార్చాలని ఏజెంట్లకు వేలు పోయక్కర్లేదు, ఫారం 8కి ఫీజు లేదు.

అద్దె ఇల్లు, గల్ఫ్ ఉద్యోగం

ఓటు ‘మామూలుగా నివసించే’ చోట ఉంటుంది. సొంత ఇల్లు అక్కడ ఉండాలన్న షరతు లేదు. ఇల్లున్నంత మాత్రాన అక్కడ ఓటూ రాదు. పాతబస్తీలో రెండేళ్లకోసారి అద్దె ఇల్లు మారే కుటుంబాలకు ఇదే దెబ్బ. బూత్ లెవెల్ ఆఫీసర్ వచ్చినప్పుడు కొత్తగా దిగిన వాళ్లు ‘వాళ్లెవరో మాకు తెలీదు’ అంటారు, అక్కడితో పాత వాళ్ల పేరు ‘షిఫ్టెడ్’ అయిపోతుంది. బీఎల్‌ఓలను తిట్టడం తేలికే. చాలా చోట్ల వాళ్లు అంగన్‌వాడీ టీచర్లు, స్కూలు టీచర్లు. సొంత డ్యూటీ చేసుకుంటూ ఇళ్లు తిరుగుతారు. బీఎల్‌ఓ ఫోన్ నంబర్ ఇంట్లో రాసి పెట్టుకుంటే సగం పని అయినట్టే.

పనికోసం కొన్నాళ్లు ఊరొదిలి వెళ్లినంత మాత్రాన నివాసం పోయినట్టు కాదని సెక్షన్ 20 చెబుతుంది. గల్ఫ్‌లో ఉద్యోగం చేసే వాళ్లకు వేరే ఏర్పాటు ఉంది. ఫారం 6ఎ పెడితే పాస్‌పోర్ట్‌లోని ఊరి చిరునామా మీద ఓవర్సీస్ ఓటరుగా నమోదవుతారు. కానీ ఓటు వేయాలంటే స్వయంగా రావాలి, ఒరిజినల్ పాస్‌పోర్టే చూపాలి. 2024 లోక్‌సభ ఎన్నికల్లో దేశం మొత్తం మీద ఇలా నమోదైన వాళ్లు సుమారు 1.19 లక్షలు. వచ్చి ఓటేసిన వాళ్లు 3 వేలలోపే, వాళ్లలోనూ ఎక్కువమంది కేరళ వాళ్లు. దుబాయ్ నుంచి టికెట్ ధర ఎంతో తెలిసిన వాళ్లకు ఈ లెక్క ఆశ్చర్యం కలిగించదు.

ఆధార్ ఇవ్వాల్సిందేనా?

కాదు. ఓటరు జాబితాకు ఆధార్ కలపడానికి 2021లో చట్టం మార్చారు, ఫారం 6బి వచ్చింది. దాని మాటలు తప్పనిసరి అన్నట్టున్నాయని తెలంగాణ కాంగ్రెస్ నాయకుడు జి.నిరంజన్ సుప్రీంకోర్టుకు వెళ్లారు. ఆధార్ నంబర్ తప్పనిసరి కాదని, ఫారాల్లో ఆ స్పష్టత తెస్తామని 2023 సెప్టెంబర్‌లో ఎన్నికల సంఘం కోర్టుకు చెప్పింది. ఇవ్వకపోతే పేరు తీసేస్తామని ఎవరైనా బెదిరిస్తే ఆ మాట చెల్లదు.

పేరు లేదని తేలితే

ముందుగా తెలిస్తే దారి ఉంది. ఎన్నికల సంఘం ఓటర్ల పోర్టల్‌లో, యాప్‌లో చూడొచ్చు, లేదా 1950కి ఫోన్ చేయొచ్చు. పేరు లేకపోతే ఫారం 6 పెట్టాలి. 18 ఏళ్లు నిండిన పిల్లలకూ అదే. ఇప్పుడు జనవరి 1, ఏప్రిల్ 1, జులై 1, అక్టోబర్ 1.. ఏడాదికి నాలుగు తేదీలు లెక్కలోకి తీసుకుంటున్నారు. నామినేషన్లకు చివరి తేదీ దాటాక చేర్పులూ, మార్పులూ ఉండవు. దరఖాస్తు తేలడానికి రోజులు పడుతుంది కాబట్టి అంతకు పది రోజుల ముందే పెట్టేయాలి.

అధికారి కాదంటే 15 రోజుల్లో జిల్లా ఎన్నికల అధికారికి అప్పీలు చేసుకోవచ్చు. అక్కడా కాదంటే 30 రోజుల్లో రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారికి రెండో అప్పీలు. ఎక్కడా నోటి మాట మీద వదిలేయొద్దు, రసీదు తీసుకోవాలి, ఆన్‌లైన్‌లో పెడితే రిఫరెన్స్ నంబర్ దాచుకోవాలి. పోలింగ్ రోజు బూత్‌లో పేరు కనబడకపోతే మాత్రం ప్రిసైడింగ్ అధికారి చేతిలో ఏమీ లేదు. పక్క బూత్ జాబితాలో ఉందేమో ఎపిక్ నంబర్‌తో ఒక్కసారి చూసుకోవాలి, బూత్‌లను విడదీసినప్పుడు పేర్లు అటూ ఇటూ పడటం మామూలే. ఒకవేళ పేరు ఉండి, పక్కన ‘ఇంట్లో లేరు, మారిపోయారు, చనిపోయారు’ అనే ఏఎస్‌డీ గుర్తు ఉంటే వెనక్కి రావద్దు. గుర్తింపు పత్రం చూపి, సంతకం, వేలిముద్ర ఇచ్చి ఓటు వేయొచ్చు.